సప్పుడు లేని కంప్యూటర్

రాజనర్సు మైక్ వైరును బొటనవేలికీ మోచేతికీ మధ్య చుట్టుకుంటూ, పదో చుట్టు దగ్గర ఆగి చెవి ఒగ్గాడు. ఫంక్షన్ హాల్లో పెళ్లివారు భోజనాలు ముగించి వెళ్లిపోయారు. వంటవాళ్లు గుండిగలు తోముతున్నారు. ఎడమవైపు బాక్సు ఇంకా సన్నగా గుయ్‌మంటోంది. ఆ రొద ఇంకెవరికీ వినిపించదు. అతనికి మాత్రం పంట్లో ఇరుక్కున్న పీచులా ఉంటుంది. వెళ్లి ప్లగ్గు తిప్పి పెట్టాడు, రొద ఆగింది. ఎలాగూ మరో నిమిషంలో పీకేయాల్సిన ప్లగ్గే అది.

ముప్పై ఏళ్లుగా సిద్దిపేటలో పెళ్లికైనా చావుకైనా ఓట్ల సభకైనా అతని మైక్ సెట్ వెళుతుంది. సన్నటి మనిషి. బాక్సులు మోసి మోసి కుడి భుజం కిందికి జారింది. అతని మైకు ముందు ఎందరెందరో గంటలకొద్దీ మాట్లాడారు. అతను మాత్రం "హలో, చెక్, చెక్" దాటి ఒక్క మాట మాట్లాడి ఎరగడు. రొద రాకుండా చూడడమే అతని పని. ఆ పని చక్కగా సాగిన రోజు, అక్కడ రాజనర్సు అనేవాడొకడు ఉన్నాడని ఎవరికీ తెలియదు.

ఆ మధ్యాహ్నం అతను కంప్యూటర్ కొనబోతున్నాడు. భార్య అనసూర్య పాటల కోసం. అనసూర్య పద్నాలుగో ఏట పట్టిన బీడీ కత్తెర నేటికీ వదల్లేదు. తునికాకు కత్తిరిస్తూ, తంబాకు చుడుతూ, వాళ్లమ్మ దగ్గర నేర్చిన పాటలు పాడుతుంది. వాడకట్టులో ఇంకెవరికీ రాని పాటలు. పోయిన నెల దవాఖానలో డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూసి, తంబాకు దుమ్ము ఊపిరితిత్తులను తినేసిందనీ, ఊపిరి రోజురోజుకూ కురచవుతుందనీ చెప్పాడు. "సచ్చేదాక బతుకుత గద సారూ," అని ఆమె లేచి చెప్పులేసుకుంది. రాజనర్సుకు మాత్రం ఆ రోజు నుంచి అన్నం సయించడం లేదు. నిరుడు ఒక్క ఊపిరిలో తీసే రాగం ఇప్పుడు మూడు ముక్కలవుతోంది. అది నాలుగు కాకముందే పట్టి ఉంచుకోవాలి.

పాత బస్టాండు వెనుక శ్రీవాణిది కంప్యూటర్ దుకాణం. ముప్పై లోపు పిల్ల, స్క్రూడ్రైవరును పెన్నులా చెవి మీద పెట్టుకుని తిరుగుతుంది.

"ఏ పనికి కాకా?"

"మా ఇంటామె పాటలు పాడుతది బిడ్డా. ఇంట్లనే రికార్డు చెయ్యాలె. మైకున్నది, మంచి మైకు."

ఆమె మూడు రకాలు చూపించింది. వాటి వేగం ఎంత, తెర ఎంత అని రాజనర్సు అడగలేదు. మూడూ ఆన్ చేయించి, కళ్లు మూసుకుని, ఒక్కొక్కదానికి చెవి ఆనించి విన్నాడు. బేరానికి వచ్చినవాళ్లు మొహాలు చూసుకుని నవ్వుకున్నారు. ల్యాప్‌టాప్ మొదట బుద్ధిగానే ఉంది గాని, శ్రీవాణి రెండు మూడు పనులు ఒక్కసారి చెప్పేసరికి ఫ్యాను బుసకొట్టింది. రంగు లైట్ల పెద్ద డబ్బా ఎండాకాలం కూలర్‌లా మోగుతోంది. మూడోది టిఫిన్ డబ్బా అంత ఉంది. చెవి పెడితే ఏమీ లేదు. చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంది.

"ఇందుల ఫ్యానే లేదు కాకా, అందుకే సప్పుడు లేదు. గని దీని కడుపు చిన్నది. అరవై నాలుగు జీబీల సగానికి ఎక్కువ అదే తింటది. మీరు పాటలు దాసుకునుడెక్కడ? పెద్దది తీస్కోండ్రి. పక్క అర్రల పెట్టి పొడుగు వైరు గుంజుకోండ్రి."

"మాకున్నదే ఒక్క అర్ర."

"పోనీ, దాసుకునేటందుకు బయట తగిలిచ్చే డ్రైవు ఒకటన్న తీస్కోండ్రి."

"ఒక్క పాట ఎంతసేపుంటది బిడ్డా? దానికెంత జాగ గావాలె? సప్పుడు లేకుంటె సాలు."

డబ్బాను ఒళ్లో పెట్టుకుని ఆటోలో ఇంటికి తెచ్చాడు. కిటికీలో బొంత కుక్కాడు. గోడ గడియారం సెల్లు తీశాడు. అనసూర్య ఒళ్లోంచి తునికాకు చాట తీసి మూలన పెట్టి, ఆమెను మైకు ముందు కూర్చోబెట్టాడు.

ఆమె మైకు వంక కొత్త కోడలిలా చూసింది. ఖాళీ వేళ్లు ఒళ్లో ఏదో వెతుకుతున్నాయి.

"ఏ అడవిల పెరిగితివె తునికాకు..." అని ఎత్తుకుని ఆగిపోయింది. మళ్లీ ఎత్తుకుంది. మళ్లీ అక్కడే ఆగింది.

"యాదికొస్తలేదయ్యా. చాట ఇటియ్యి."

చాట ఒళ్లోకి వచ్చింది, కత్తెర చేతికి వచ్చింది. కత్తెర బొటనవేలి రింగుకు ఆమె పాత ఎర్రచీర పేలిక చుట్టుకుంది, వేలు ఒరుసుకుపోకుండా. కిర్, కిర్ అని రెండు ఆకులు తెగాయో లేదో, పాట ఎవరూ పిలవకుండానే వచ్చేసింది. "ఏ అడవిల పెరిగితివె తునికాకు, నా ఒళ్లెకెట్ల వస్తివె తునికాకు." చరణం విరిగిన ప్రతి చోటా కత్తెర పడుతోంది. హెడ్‌ఫోన్లో అది వింటూ రాజనర్సు మొహం చిట్లించాడు.

"ఆ కత్తెర పక్కకు పెట్టే."

"కత్తెర పక్కకు పెడితె పాట గూడ పక్కకు వోతది."

ఇక లాభం లేదని వేరే ఉపాయం ఆలోచించాడు. పొద్దున ఆమె చాట ముందు కూర్చున్నది మొదలు సాయంత్రం లేచేదాకా కంప్యూటర్‌ను వినమని వదిలేయడం. ఆమె ఎప్పుడు పాడితే అప్పుడే పాట. చప్పుళ్లు తీసేయడం శ్రీవాణి దగ్గర రెండు రోజులు కూర్చుని నేర్చుకున్నాడు. ఇక రోజూ సాయంత్రం అదే కొలువు. పాట ముక్కలు ఏరి, వాటిలో దగ్గు తీసి, ఆటో హారన్ తీసి, కత్తెర పడిన చోటల్లా తెరమీది గీతను ఓపికగా చిదిమేవాడు. విరిగిన ఊపిరిని కూడా అతికించాడు. పొద్దంతా విన్న డబ్బా సాయంత్రానికి జాగ లేదని మొత్తుకునేది. మిగిలిందంతా తుడిచేసేవాడు. ఆకు మంచిది రాలేదని పొరుగింటి కొండవ్వతో ఆమె కొట్లాట, గ్యాస్ బండ తెచ్చినవాడి మీద కేకలు, "ఏమయ్యా, చాయ్ తాగుతవా?" అన్న పిలుపు, పావుగంట దగ్గు. గింజలు ఉంచుకుని పొల్లు పారబోస్తున్నాననే అనుకున్నాడు.

ఒకనాడు ఆమెకు హెడ్‌ఫోన్ పెట్టి వినిపించాడు. చివరిదాకా కదలకుండా వింది.

"మంచిగనే ఉన్నది. గొంతు నాదే. కూసున్న జాగ నాది గాదు."

ఎగతాళి చేస్తోందనుకుని రాజనర్సు నవ్వాడు. ఆమె నవ్వలేదు. దారపు ఉండ వెతుక్కుంటూ చాట వైపు జరిగింది.

నలభై ఒక్క పాటలయ్యాయి. ఆమెకు వచ్చినవన్నీ అయిపోయాయని మైకు కట్టేశాడు. ఒక మంగళవారం మధ్యాహ్నం అతను గడప బయట బాక్సు విప్పి వైరు అతికిస్తున్నాడు. లోపల కత్తెర ఆగింది. కట్టకు దారం చుడుతోంది కాబోలు అనుకున్నాడు. ఎంత సన్నటి రొదనైనా పసిగట్టే ఆ చెవికి, రొద లేకపోవడం వినిపించడానికి చాలాసేపు పట్టింది. లోపలికి వెళ్లేసరికి అనసూర్య గోడకు చేరబడి ఉంది. చాట ఒళ్లోనే ఉంది.

పదకొండో రోజు, దినాలకు, ఇంటి ముందు తన బాక్సులే పెట్టి, ఆమె పాటలే వేశాడు. ఎక్కడా రొద లేదు. చుట్టాలు విని, రేడియోలో వచ్చినట్టుంది, ఎంత కష్టపడ్డాడో అన్నారు. కొండవ్వ మాత్రం విస్తరి ముందు కూర్చుని అన్నం కలపడం ఆపేసింది.

"గీమె ఎవలు తమ్మీ? గొంతు అనసూర్యదే. కత్తెర సప్పుడేది? దగ్గేది? నన్ను తిట్టిన తిట్టన్న ఒకటి ఉంచకపోతివా?"

రాజనర్సు లోపలికి వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుని, నలభై ఒక్క పాటలూ మొదటి నుంచి విన్నాడు, ఎక్కడైనా మరిచిపోయి వదిలిన ఒక్క దగ్గు దొరుకుతుందేమోనని. దొరకలేదు. తన పనితనం మీద అతనికి జీవితంలో మొదటిసారి అసహ్యం వేసింది. శ్రీవాణికి ఫోన్ చేశాడు.

"తుడిచినయి మళ్ల రావు కాకా. నేను అప్పుడే..." అని, ఆ పిల్ల మిగతా మాట మింగేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నవాడికి ఎవరు మాత్రం ఏం చెబుతారు?

చుట్టాలు వెళ్లిపోయాక తలుపు మూశాడు. మైకు ఆన్ చేసి, మూలనున్న చాట ముందుకు లాక్కున్నాడు. ఆకులు ఎండి ముడుచుకున్నాయి. తనైనా ఒక్కసారి కోసి ఆ చప్పుడు వినాలని కత్తెర ఎత్తాడు. పేలిక చుట్టిన రింగు ఆమె వేలి కొలతకే బిగిసి ఉంది. అతని బొటనవేలు గోరు దాటి దిగలేదు. పేలిక విప్పితే దిగుతుంది. విప్పడానికి చెయ్యి రాలేదు. కత్తెరను మళ్లీ చాటలోనే పెట్టేశాడు.

కంప్యూటర్ చప్పుడు లేకుండా వింటూనే ఉంది. తెరమీద గీత అడ్డంగా, తిన్నగా సాగిపోతోంది. చాటలో, ఆమె సగం కోసి ఆపిన తునికాకును పట్టుకుని, ఎర్ర పేలిక చుట్టిన కత్తెర నోరు తెరుచుకుని ఉంది.