షంషాదక్క ఎడమచేతి మీటలు

నేను ఒక సెట్టింగుల ఫైలును. ఏ మీట నొక్కితే ఏ అక్షరం పడాలో నాలో రాసి ఉంటుంది, అంతే.

నన్ను పుట్టించినవాడు ఓబులేసు. వాళ్లింట్లో డిగ్రీ చదివిన మొదటివాడు. ఆదోనిలో దస్తావేజులు రాసే కొట్లకు తెలుగు టైపింగ్ ప్రోగ్రాం చేశాడు. నన్నెక్కడ పెట్టాలో అతనికి తెలియక కాదు. ఆఫీసులో సీనియరు రుద్రప్ప చెప్పనే చెప్పాడు.

"విండోస్‌లో అయితే యూజర్ ఫోల్డర్లో యాప్‌డేటా, లినక్స్‌లో హోమ్ లోపల డాట్ కాన్ఫిగ్, మ్యాక్‌లో లైబ్రరీ. మనిషి సామాను మనిషి ఇంట్లో ఉండల్లప్పా."

"తర్వాత మారుస్తాలేన్నా. ఇప్పటికి నా చేతికందేలా ఉండనీ," అని ఓబులేసు నన్ను ప్రోగ్రాం ఫోల్డర్లోనే పడేశాడు.

షంషాద్ ఒక కొట్లో టైపిస్టు. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయింది. శ్రావణంలో రిజిస్ట్రేషన్లు మొదలయ్యేలోగా పాత వేగం రాకపోతే వేరే మనిషిని పెట్టుకుంటానని యజమాని ముందే చెప్పేశాడు. ఆమె ఎడమచేతి వేళ్లకే అక్షరాలన్నీ అందేలా రోజుకో మీట మార్చుకుంటూ నాలుగు నెలలు నన్ను దిద్దుకుంది. చిటికెన వేలికి 'ళ' అందిన రోజు తనలో తాను నవ్వుకుంది. వేగం వచ్చేసింది.

శ్రావణానికి వారం ముందు ఓబులేసు కొత్త వెర్షన్ వేశాడు. పాత ఫోల్డరు చెరిపేసి కొత్తది పెట్టమని రాసినవాడూ అతనే. అందులో ఉన్న ఆమె మీటల మార్పులన్నీ దానితోనే పోయాయి.

"నా అక్షరాలు యాడికి పోయినాయప్పా?" అంది షంషాద్.

అతను పెన్‌డ్రైవంతా వెతికితే ఆమె దిద్దడం మొదలుపెట్టిన మొదటి వారంలో తీసిపెట్టుకున్న నకలు ఒకటి దొరికింది. మీతో మాట్లాడుతున్నది ఆ నకలే. ఆమె నన్ను చూసి తల అడ్డంగా ఊపింది.

"ఇవి కుదరవని నేనే మార్చుకుంటి గదప్పా."

"మీ వేళ్లకు గుర్తుంటుంది కదక్కా, చెప్పండి, రాసుకుంటా."

మాటలు కొట్టేటప్పుడు పరుగెత్తిన వేళ్లు, ఒక్కో అక్షరం ఎక్కడని నిలబెట్టి అడిగితే తడబడ్డాయి. సగం కూడా తేలకముందే శ్రావణం వచ్చింది. ఆ కుర్చీలో వేరే ఆమె కూర్చుంది. షంషాద్ మాత్రం ఓబులేసును ఒక్క మాటా అనలేదు. అని ఉంటే అతనికి కాస్త తేలికయ్యేది.

ఆ తర్వాత అతను ప్రోగ్రాం సరిచేశాడు. పట్టింది ఒక్క పూట. ఇప్పుడు ఎవరి సెట్టింగులు వాళ్ల ఫోల్డర్లోనే ఉంటాయి. నన్ను మాత్రం చెరపలేక, కంప్యూటరు మారినప్పుడల్లా వెంట తీసుకెళ్లి తన హోమ్ ఫోల్డర్లోనే దాచుకుంటున్నాడు.

చివరికి నేనూ మనిషి ఇంటికే చేరాను. ఆ ఇల్లు షంషాద్‌ది కాదు.