కూర్చుని అమ్మే మనిషి

ఆ రోజు పొద్దున ఆకాశం కురవనూ లేదు, తెరిపివ్వనూ లేదు. సగం తోమి వదిలేసిన గిన్నెలా మసిమసిగా ఉంది. సభ్యుల క్వార్టర్స్‌లో మా వంటింటి కిటికీ పక్కన నిలబడి ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను. బట్ట సరిగా ఆరలేదు. పెట్టె ఆనించిన చోటల్లా ఆవిరి లేస్తోంది. కాలరు దగ్గర ఇంకోసారి లాగాలి. ముడత ఉంటే ఆయన నాకు చెప్పడు, వాళ్లమ్మకు చెబుతాడు. ఈ చొక్కా వేసుకుని వెళ్లి నా ఆఫీసులో నా కుర్చీలో కూర్చుంటాడు. నేను శాసనసభ సభ్యురాలిని. ఆయన సభ్యురాలి భర్త. కానీ మా నియోజకవర్గంలో 'సభ్యుడుగారు' అంటే ఆయనే. నన్ను 'అమ్మగారు' అంటారు, అదీ టీ కావలసినప్పుడు.

"ఇవాళ వాణిజ్య బిల్లు కదా," అన్నాడు చొక్కా తొడుక్కుంటూ. "నీ పేరు పిలుస్తారు. లేవకు. నేను మాటిచ్చాను."

"నిన్న వచ్చినాయనకేనా?"

"ఎవరికైతే నీకెందుకు?"

"సవరణ ఇచ్చింది నేను కదండీ."

లోపల్నుంచి అత్తయ్య అందుకుంది. "పొద్దున్నే మగాడితో వాదమేమిటే. పాలు పొంగుతున్నాయి చూడు."

వెళ్లి చూశాను. పాలు పొంగలేదు. అత్తయ్య ఎప్పుడూ అంతే, మాట పొంగబోయినప్పుడల్లా పాలను అడ్డం పెడుతుంది. ఆ విద్య ఆమెకు ఎక్కడ అబ్బిందో నాకు తెలుసు. మామయ్య విత్తనాల కొట్టుకు బోర్డు మీద మామయ్య పేరుండేది. గల్లా దగ్గర పొద్దుగూకేదాకా అత్తయ్య ఉండేది. ఆయన పోయాక కొడుకులు కొట్టు అమ్మేశారు. అమ్ముతున్నామని ఆమెకు చెప్పిన రోజున కూడా ఆమె పాలు చూడటానికే లేచి వెళ్లిందట.

ఈ స్థానాన్ని ఆడవాళ్లకు కేటాయించినప్పుడు పార్టీవాళ్లు మా ఇంటికొచ్చి ఆయనతో మాట్లాడి, నాతో సంతకం పెట్టించుకున్నారు. వచ్చే ఎన్నికలకు మళ్లీ అందరికీ తెరుస్తారు. అప్పుడు ఆయన నిలబడాలి. అందాకా సీటు చల్లారకుండా నేను కూర్చోవాలి, పొదిగే కోడిలాగా. నా ఫోను ఆయన జేబులో ఉంటుంది. మోగితే ఆయనే తీసి "చెప్పండి" అంటాడు. మొదట్లో నాకు సిగ్గేసేది. తర్వాత అలవాటైంది. అలవాటైనందుకు ఇప్పుడు ఒళ్లు మండుతోంది.

అయినా నేను ఊరికే కూర్చోలేదు. వితంతువుల పింఛను గురించి మాట్లాడాను. పనికి పోయే తల్లుల పిల్లలకు బడి పక్కనే ఒక గది కావాలన్నాను. సంతలో ఆడవాళ్లు పొద్దుటినుంచి నీళ్లు తాగకుండా ఎందుకు కూర్చుంటారో, మరుగుదొడ్డి లేక ఎంత బిగబట్టుకుంటారో చెప్పాను. ఆ రోజు మగ సభ్యులు కొందరు కాగితాల్లోకి తల దించుకున్నారు. పార్టీ ఏటేటా వేసే చిన్న పుస్తకంలో వాటిని 'మహిళా సభ్యురాలి సంక్షేమ కృషి' అని అచ్చేశారు. వ్యాపారం మీద మాట్లాడతానని అడిగినప్పుడు మాత్రం మా పార్టీ విప్ పళ్లన్నీ కనబడేలా నవ్వాడు. "సంక్షేమం మీది, వ్యాపారం మాది. రెండూ మీరే మాట్లాడితే మేం గడ్డాలు నిమురుకుంటూ కూర్చోవాలా అమ్మా?" అక్కడున్నవాళ్లు కూడా నవ్వారు. ఆకలి ఒక ఇంట్లోనూ అంగడి ఇంకో ఇంట్లోనూ కాపురముంటాయా అని అడుగుదామనుకున్నాను. అడగలేదు. అడగని మాటలు నా కడుపులో అప్పటికే చాలా ఉన్నాయి, ఇదీ వాటి మీద పడింది.

మా అమ్మ టమాటాలు అమ్మేది. సంతలో ఆమె కూర్చునే చోటు మా నాన్న పేరు మీద ఉండేది. నాన్న ఒక్కరోజు కూడా అక్కడ కూర్చోలేదు, ఎండ పడదని. నాన్న పోయాక ఆ చోటు బాబాయికి వెళ్లింది. అమ్మ అదే గోనెపట్టా మీద, అదే మూలన, బాబాయికి కూలి మనిషిగా కూర్చుంది. కొనేవాళ్లకు తేడా తెలీదు. అదే గొంతు, అదే తక్కెడ. సాయంత్రం బాబాయి వచ్చి డబ్బాలో చెయ్యి పెట్టేటప్పుడు అమ్మ ముఖం పక్కకు తిప్పుకునేది. ఆ ముఖం నా కళ్లముందునుంచి పోలేదు.

ఇప్పుడొచ్చిన బిల్లు సంతలన్నిటినీ ఒకే చట్టం కిందికి తెస్తుంది. ప్రతి చోటుకీ లైసెన్సు, లైసెన్సు 'కుటుంబ పెద్ద' పేరు మీద. ఈ సంగతి తెలిసిన రోజున ఉల్లిపాయల పిన్ని నా చెయ్యి పట్టుకుంది. మా అమ్మ పక్కన కూర్చుని అమ్మిన మనిషి, నన్ను ఒళ్లో పడుకోబెట్టుకున్న మనిషి. మొగుడు వదిలేసి పోయి చాలాకాలమైంది.

"అమ్మాయ్, నా చోటు మా ఆయన పేరవుతుందటగా. ఆయనెక్కడున్నాడో నాకే తెలీదు. సర్కారువాళ్లు వెతికి పెడతారా?"

"వెతుకుతారేమో పిన్నీ."

"దొరికితే నాకూ ఒక మాట చెప్పమను. చెప్పొకటి జాగ్రత్తగా దాచాను."

చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. పిన్ని నవ్వలేదు. గంపలో కుళ్లినవి ఏరుతూ, "పెద్ద షావుకార్లు అప్పుడే మా మొగుళ్లను వెతుక్కుంటున్నారే. ఎవడికో ఒకడికి నాలుగు నోట్లు చూపిస్తే సంతకం పెట్టేస్తాడు. నేను లేవాలి," అంది.

అందుకే ఆ సవరణ ఇచ్చాను. సభలో దానికొక పద్ధతి ఉంది. బిల్లులో ఫలానా మాట మార్చమని ఎవరైనా కాగితం ఇవ్వొచ్చు. పేపర్లో పేరు పడుతుంది కాబట్టి చాలామంది ఇస్తారు. ఓటు వేళకు సభాపతి పేరు పిలిచినప్పుడు లేచి 'ప్రతిపాదిస్తున్నాను' అనాలి. లేవకపోతే అది లేనట్టే. ఇచ్చి, పిలిచినప్పుడు లేవకపోవడం అక్కడ పెద్ద మర్యాద. ఇచ్చినందుకు జనం సంతోషిస్తారు, లేవనందుకు షావుకార్లు సంతోషిస్తారు.

ముందురోజు సాయంత్రం టోకు వర్తకుల సంఘం అధ్యక్షుడు వచ్చాడు. నా ఆఫీసు గదిలోకి టీ పళ్లెం పట్టుకుని నేనే వెళ్లాను. మా ఆయన నా కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. నేనుండగానే అధ్యక్షుడు అడిగాడు, "మరి మేడంగారి సవరణ సంగతి?"

"అది పేరుకిచ్చింది లెండి," అన్నాడు ఆయన. "మా ఆవిడ సంగతి మీకు తెలీదు. ఇంట్లో కూర్చోదు, సభలో లేవదు. ఇంతకంటే అదృష్టం ఉంటుందా?"

ఇద్దరూ నవ్వారు. నేను కూడా నవ్వానేమోనని భయం. పెదాలు సాగినట్టే గుర్తు. టీ ఒలికిందని గుడ్డ తెచ్చి బల్ల తుడిచాను. వచ్చేసారి టికెట్ గురించి వాళ్లు మాట్లాడుకుంటున్నారు. పిన్ని చోటు, నా నోరు, రెండూ కలిపి ఆ టీ పళ్లెంలో పెట్టి నా చేతులతోనే అందించినట్టయింది.

సభలో మధ్యాహ్నం దాటాక బిల్లు ఓటుకు వచ్చింది. సగం కుర్చీలు ఖాళీ, మగవాళ్లు క్యాంటీన్లో ఉన్నారు. విప్ నా వెనక వరసలో కూర్చుని నావైపు చూసి తలాడించాడు, అన్నీ మాట్లాడుకున్నాం కదా అన్నట్టు. సభాపతి నా పేరు పిలిచారు. పిలిచి, తల ఎత్తకుండానే, "ప్రతిపాదించడం లేదు," అని తనే అనేసి కాగితం తిప్పారు. అలవాటు. నా బదులు నా జవాబు చెప్పడం ఇంటినుంచి సభదాకా అందరికీ అలవాటే.

లేచాను.

"ప్రతిపాదిస్తున్నాను అధ్యక్షా."

మైకు వెయ్యలేదు. ఫరవాలేదు. ఆ సంత గోలలో ఈ మూలనుంచి ఆ మూలకు వినిపించేలా మా అమ్మ మైకు లేకుండానే టమాటాలు అమ్మింది. ఆ గొంతుతోనే ఇంకోసారి అన్నాను. సభాపతి కళ్లజోడు తీశారు.

"అమ్మా, తర్వాతి దానికి వెళ్లిపోయాం."

"నేను వెళ్లలేదు అధ్యక్షా. మీరొక్కరే వెళ్లారు."

ఎవరో నవ్వారు. మైకు పడింది.

"'కుటుంబ పెద్ద' అన్నచోట 'కూర్చుని అమ్మే మనిషి' అని రాయండి. నా సవరణ అంతే. తెల్లారకముందే గంప దించుకుని, ఎండకు ఎండి, వానకు తడిసి, గీసిగీసి బేరమాడేది ఎవరో ఆ చోటు ఆ మనిషిది. ఇంట్లో పడుకున్నవాడిది కాదు."

"ఇది సంక్షేమం కాదమ్మా, వాణిజ్యం," అన్నాడు ముందు వరసలో పెద్దాయన, చిన్నపిల్లకు చెప్పినట్టు.

"తెలుసండీ. వాణిజ్యం గురించే చెబుతున్నా. మీరు పొద్దున తిన్న కూర ఎవరమ్మితే వచ్చింది?"

వెనకనుంచి ఇంకొక గొంతు. "ఇంట్లో సారుని అడిగారా మేడం?"

సభంతా నవ్వింది. ముందురోజు నా పెదాలు సాగిన సంగతి గుర్తొచ్చింది. ఈసారి సాగనివ్వలేదు. నవ్వు తగ్గేదాకా ఆగాను.

"అడగలేదు. అందుకే లేవగలిగాను."

మూజువాణి ఓటు పెట్టారు. అవునన్న గొంతులు సన్నగా, ఆ పార్టీనుంచి ఒకటి, ఈ పార్టీనుంచి ఒకటి, అన్నీ ఆడగొంతులే. కాదన్న గొంతు డప్పు మోగినట్టు మోగింది. "లెక్కపెట్టండి అధ్యక్షా," అన్నాను. "కాదన్నవాళ్లు లేచి నిలబడాలి. ఎవరో చూడాలి." సభ్యులెవరైనా అడిగితే లెక్కపెట్టక తప్పదు. గంటలు మోగాయి. క్యాంటీన్లోంచి మూతులు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చారు. "ఏమిటి, అవునా, కాదా?" అని ఒకర్నొకరు అడుగుతున్నారు. ఒకాయన అవునన్నప్పుడు మాతో పాటు లేచాడు. విప్ చొక్కా కొస పట్టి లాగితే కూలబడ్డాడు. ఆ ఒక్క క్షణం నా పక్షాన నిలబడ్డ మగవాడు ఆయన, పాపం తెలియక.

ఓడిపోయాం. నిబంధనలు రాసేటప్పుడు చూస్తామని మంత్రిగారు అన్నారు. చూస్తామంటే ఏమిటో, పాలు చూడ్డానికి వెళ్లే ఇంట్లో ఉన్నదాన్ని, నాకు తెలుసు. కానీ కాదన్న ప్రతి మనిషీ పిన్నికి వ్యతిరేకంగా తన కాళ్ల మీద తను లేచి నిలబడాల్సి వచ్చింది. ఒక్కొక్కరి ముఖం చూశాను. చాలామంది నావైపు చూడలేదు.

వరండాలో విప్ దారికడ్డం వచ్చాడు. "ఇక టికెట్ మాట మర్చిపోండి. మీకూ లేదు, మీ ఆయనకూ లేదు."

"ఎన్నికలదాకా సీటు నాదేగా?"

"నీదే. ఏం చేసుకుంటావు?"

ఇందాకటిదాకా అమ్మా, మీరు. ఇప్పుడు నువ్వు. నాకది నచ్చింది. ముసుగు పోయింది.

ఇంటికొచ్చేసరికి కబురు నాకంటే ముందొచ్చి కూర్చుంది. ఆయన హాల్లో అటూ ఇటూ తిరుగుతున్నాడు. మా అమ్మాయి పుస్తకం ముందేసుకుని పేజీ తిప్పడం లేదు.

"పరువు తీశావు. నేను మాటిచ్చానని చెప్పానా లేదా?"

"మీ మాట మీరిచ్చుకోండి. నాది మీరెలా ఇస్తారు?"

"ఎవరివల్ల ఆ సీట్లో కూర్చున్నావో మర్చిపోకు."

"మర్చిపోలేదు. రేపట్నుంచి ఆఫీసులో కూడా నేనే కూర్చుంటాను. తాళం బల్ల మీద పెట్టండి. ఫోను కూడా."

ఆయన వాళ్లమ్మవైపు చూశాడు. పొయ్యి మీద పాలు లేవు. అత్తయ్య "అన్నం చల్లారిపోతోంది," అంది.

ఈ ఇంటికొచ్చినప్పటినుంచి నేను అందరికీ వడ్డించి, గిన్నెలో మిగిలింది వంటింటి గట్టు దగ్గర నిలబడి తిన్నాను. ఆ రోజు అన్నం గిన్నె, కూర గిన్నె తెచ్చి బల్ల మధ్యలో పెట్టాను. ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నాను. నా కంచంలో నేనే పెట్టుకున్నాను. అమ్మాయి పుస్తకం మూసి వచ్చి నా పక్కన కూర్చుంది. అత్తయ్య వంటింట్లోకి వెళ్లింది. పాలు చూడటానికేమో అనుకున్నాను. తన కంచం తెచ్చుకుని, నా ఎదురుగా కూర్చుని, గరిటె అందుకుంది. ఆయన కొంతసేపు కుర్చీ వెనక నిలబడి, చివరికి కూర్చున్నాడు.

ఆయన జేబులో ఫోను మోగింది. తీసి చూసి, బల్ల మీద పెట్టాడు. మోగి మోగి ఆగింది. కూరలో కారం ఎక్కువైనట్టుంది. ఆయన తన గ్లాసు వైపు చూశాడు. ఖాళీగా ఉంది. అమ్మాయి కదలబోతే అత్తయ్య దాని మోచేతి మీద చెయ్యి వేసింది. ఆయన నావైపు చూశాడు.

నేను లేవలేదు.