చేపలు తాగే నీళ్లు

ఒమన్‌లో వానలు కురవడం మానేసి పదకొండేళ్లయ్యాక మా కొండ కాలువకు కొత్త కట్టుబాటు పెట్టారు: నీళ్లు మనుషులకే. ముందు గాడిదలు పోయాయి. తర్వాత పిట్టలకు పెట్టే మట్టి గిన్నెలు పోయాయి. చివరికి కాలువ పెత్తనం చేసే జహ్రాన్ కన్ను అందులోని చేపల మీద పడింది.

"చిటికెన వేలంత చేప, అదేం తాగుతుంది నాయనా?" అన్నాను.

"వేలకు వేలున్నాయి రయ్యత్తా. వాటివి మాత్రం కడుపులు కావా?"

వల వేసి అన్నిటినీ ఎత్తేశారు. చేపను దాచినవాళ్లకు నీళ్ల వంతు రద్దన్నారు. అయినా నేను రెండింటిని కుండలో దాచాను. జాలితో కాదు, అబద్ధమెందుకు, అసలెంత తాగుతాయో చూద్దామని. పక్కన చేపల్లేని కుండ ఇంకోటి పెట్టి, రెండింటిలోనూ వారంవారం లోటాలు లెక్కపెట్టి నీళ్లు నింపాను.

కాలువ చివరి తోట నాది. అందులో మిగిలింది ఒక్క ఖర్జూరం చెట్టు, మా ఆయన నాటింది. దానికి నా వంతు అరగంట. మా ఊళ్లో వంతును పాతిన కర్ర నీడతో కొలుస్తారు. నీడ గీత దాటితే నా తోటలోకి నీళ్లు వదిలే మడవను జహ్రాన్ మూసేస్తాడు.

చేపలను ఎత్తేసి రెండు నెలలు తిరగకుండానే నా అరగంటకు చెట్టు పాదు సగం కూడా నిండలేదు. మట్టలు వాలిపోయాయి. చెట్టు పోతుందేమోనని నాకు భయం పట్టుకుంది.

"అరగంట ఇచ్చాను కదత్తా," అన్నాడు జహ్రాన్. "నీడ అబద్ధమాడదు."

"అయితే చెట్టును నీడే తాగమను."

ఒళ్లు మండి కాలువలో దిగి ఎగువకు నడిచాను. అడుగడుగునా నాచు. నీళ్లు అందులో చిక్కి నత్తనడక నడుస్తున్నాయి. ఇన్నేళ్లూ ఈ నాచు ఏమైపోయేది?

ఇంటికొచ్చి కుండలు చూశాను. రెండింటికీ అన్నే లోటాలు పట్టాయి, తాగిందంతా ఎండే. చేపల్లేని కుండ పచ్చగా పాచిపట్టింది. చేపలున్న కుండలో అడుగు కనిపిస్తోంది.

వంతు పోతే పోయిందని రెండు కుండలూ జహ్రాన్ ముందు పెట్టాను. అతను పాచిలో వేలు పెట్టి చూశాడు.

"ఇంకెన్నున్నాయి?"

"ఈ రెండే. మిగతావి ఎండబెట్టి ఊరంతా పంచావుగా. నేనూ తిన్నాను, అన్నంలో నిమ్మకాయ పిండుకుని."

మర్నాడు నా వంతు మొదలవగానే చేపల కుండను కాలువలో వంచాను. వాటిలో ఒకటి ఆడది, ఒకటి మగది అవునో కాదో మా ఇద్దరికీ తెలియదు. చూస్తుండగానే నీడ గీత దాటింది. తర్వాతి వంతు జహ్రాన్‌దే. అతను మడవ మూయలేదు.