మలుపు దాటాక సీసా

"తలుపెయ్యండి. సంగతి తేలేదాకా ఒక్కరూ బయటికెళ్ళడానికి వీల్లేదు," అంది రిఫరీ.

ఎవరో లేచి గడియ పెట్టారు. అది బడిలో తరగతి గది. ఇవాళ్టికి రేసు ఆఫీసు. నల్లబల్ల మీద ఆడవాళ్ళ మారథాన్ టైమ్‌లు సుద్దతో రాసి ఉన్నాయి. అన్నిటికన్నా పైన ఉన్నది చెల్లెలిది. ఇన్నేళ్ళ పరుగులో ఆమె ఎన్నడూ అందుకోని టైమ్. దాని మీద ఇంకా గీత పడలేదు. గీత పడుతుందా లేదా అన్నది దూరం కొలిచే సైకిలు తీసుకుని రోడ్డెక్కిన మనిషి తిరిగొస్తే గాని తెలియదు.

చెల్లెలు చివరి బెంచీ మీద కుడికాలు చాపుకుని కూర్చుంది. ఖాళీ సీసా ఒళ్ళో ఉంది. అక్క నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని ఆ కాలికి ఐసు సంచి అదిమి పట్టింది. నీళ్ళు కారి చీలమండ దాకా పోతున్నాయి.

"నొప్పిగా ఉందా?"

"లేదక్కా. అసలా కాలు నాదేనా అన్నట్టుంది."

మోకాలి లోపల ఎముకకీ ఎముకకీ మధ్య మెత్తదనం మిగల్లేదని డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము కిటికీకి అడ్డంగా పట్టుకుని మరీ చూపించాడు. ఇంకొక్క మారథాన్, ఆ తర్వాత ఆపరేషన్ తప్పదన్నాడు. జాతీయ శిబిరానికి ఎంపికైతే ఆపరేషన్ వాళ్ళే చేయిస్తారు. మళ్ళీ పరిగెత్తేదాకా వాళ్ళ డాక్టర్లే చూసుకుంటారు. ఎంపిక కాకపోతే, కుంటకుండా నడిస్తే అదే పదివేలు. ఎంపికకి ఒక టైమ్ పెట్టారు. గడువు ఈ నెలాఖరు. పొద్దున చెల్లెలు దానికన్నా దాదాపు రెండు నిమిషాలు ముందే ముగింపు గీత దాటింది. దాటి, నవ్వుతూనే రోడ్డు మీద కూలబడింది. అందరూ బోర్డు చూస్తూ కేకలు పెట్టారు. అక్క మాత్రం బోర్డు వైపు తలెత్తలేదు. కంగారు కాబోలనుకుంది చెల్లెలు.

తలుపు తట్టిన చప్పుడైంది. ఎవరో గడియ తీస్తే సైకిలాయన లోపలికొచ్చాడు. ఎవరి మొహమూ చూడలేదు.

"దూరం తక్కువే మేడం. వెనక్కి మలుపు తిరగాల్సింది కల్వర్టు దగ్గర, రోడ్లో మేము మేకు కొట్టినచోట. వీడియోలో మాత్రం మలుపు గుర్తుకి పెట్టిన కోన్ ఇవతల, పరుపుల హోర్డింగ్ దగ్గరుంది. మధ్యలో రెండు వందల మీటర్లు. పోతూ, వస్తూ కలిపి నాలుగు వందలు."

రిఫరీ సుద్ద ముక్క తీసుకుంది. ఒక్కటే గీత, పైనుంచి కిందికి. అన్ని టైమ్‌ల మీదుగానూ పోయింది. చెల్లెలు ఆ సుద్ద చప్పుడు విన్నది, అంతే.

"మగవాళ్ళు వెళ్ళినప్పుడు కోన్ కల్వర్టు దగ్గరే ఉంది, మోటార్‌సైకిలు కెమెరాలో కనిపిస్తోంది," అంది రిఫరీ. "ఆడవాళ్ళొచ్చేలోగా ఎవరో జరిపారు. మాస్టారూ, మలుపు దగ్గర కాపలా మీరే కదా?"

ఆ మాస్టారు ఇదే బడిలో బోటనీ చెబుతాడు. రేసుకి సాయంగా వచ్చాడు. ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"ఒకతను పడిపోయాడండీ. నుదురు పగిలింది. ఆంబులెన్సు దాకా నడిపించుకెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఆడవాళ్ళంతా మలుపు దాటేశారు."

"అప్పుడు కోన్ ఎక్కడుంది?"

"చూళ్ళేదండీ. నాకు రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయి. కల్వర్టు గోడ పట్టుకుని కూర్చుండిపోయాను."

"బాగుంది! పువ్వుని కోసి పాఠం చెప్పే మనిషికి రక్తం పడదు," అన్నాడు ఈల మాస్టారు. ఆయన రెండో స్థానంలో వచ్చిన పొడుగమ్మాయి కోచ్. నిద్రలో కూడా మెడలో ఈల తియ్యడని పేరు.

"పువ్వుకి రక్తం ఉండదు కదండీ," అన్నాడు బోటనీ మాస్టారు అమాయకంగా.

ఎవరో కిసుక్కుమన్నారు. రిఫరీ చూపుతో ఆ నవ్వు ఆగిపోయింది.

"నవ్వులాట కాదు. ఇది మా లోపమని తేలితే రేసు గుర్తింపే పోతుంది, మళ్ళీ పరుగన్న మాటే ఉండదు. మాస్టారిని ఇక ఏ మైదానంలోకీ రానివ్వరు. అలా కాకుండా, ఫలానా రన్నర్ తాలూకు మనిషి కావాలని చేశారని తేలిందనుకోండి, ఆ రన్నర్ మీదా ఆ మనిషి మీదా వేటు పడుతుంది. మిగతావాళ్ళకి వచ్చే ఆదివారం ఇదే రోడ్డు మీద మళ్ళీ పరుగు."

పొడుగమ్మాయి తలెత్తింది. ఇంతసేపూ రక్తం కారుతున్న బొటనవేలు గోరు చూసుకుంటూ ఏడుస్తోంది. ఆమె టైమ్ కూడా ఎంపికకి సరిపోయింది. ఆమెవి రెండు మోకాళ్ళూ బాగున్నాయి. ఆదివారం పరిగెత్తగలదు.

చెల్లెలికి ఆదివారం లేదు. ఎటు తేలినా లేదు.

"ఎవరు జరిపారో చిన్నపిల్లాడినడిగినా చెబుతాడు," అన్నాడు ఈల మాస్టారు. "ఎవరికి లాభమో వాళ్ళే."

"మీ అమ్మాయికీ లాభమేగా?" అంది అక్క, తల తిప్పకుండా.

"మా అమ్మాయికి ఆ నాలుగు వందలూ ఓ లెక్కా? ఇంకో నాలుగు కిలోమీటర్లు పెట్టమ్మా, పరిగెడుతుంది!" అని వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు. "ఆ వేగంలో నాలుగు వందలంటే ఒకటిన్నర నిమిషం. మీ చెల్లెలికి ఇంకో అయిదు సెకన్లు వేసుకో. ఆమె ముందొచ్చింది రెండు నిమిషాలకి కాస్త తక్కువ. అంటే..."

ఆయన వేళ్ళు అక్కడే ఆగిపోయాయి. గొంతు తగ్గింది.

"అంటే, పూర్తిగా పరిగెత్తినా మీ చెల్లెలికి టైమ్ అందేదే."

చెల్లెలి మోకాలి మీద ఐసు సంచి ఒక్కసారిగా బరువెక్కింది. అక్క చేతులు దాన్ని పట్టుకోవడం మానేశాయి. సంచి జారి నేల మీద పడింది.

"అక్కా?"

"చెయ్యి తిమ్మిరెక్కిందే," అంది అక్క. సంచి తీసి మళ్ళీ పెట్టింది. బాగున్న ఎడమ మోకాలి మీద పెట్టింది.

చెల్లెలు ఆ చేతుల్నే చూస్తూ ఉండిపోయింది. కళ్ళజోళ్ళ దుకాణంలో రోజంతా అద్దాలు అరగదీసే పని చెల్లెలిది. వెంట్రుకంత గీతని కూడా పట్టుకునే కళ్ళు. పొద్దున ఆ కళ్ళు పొడుగమ్మాయి మడమలు తప్ప మరేమీ చూడలేదు. ఆమె ఎక్కడ తిరిగితే తనూ అక్కడ తిరిగింది. చేతి వాచీ దూరం తక్కువ చూపించింది గాని సిగ్నలు అందని ఫ్లైఓవర్ కింద అది ఎప్పుడూ అబద్ధమే చెబుతుంది. రన్నర్లెవరూ దాన్ని నమ్మరు.

"రన్నర్ల తాలూకు మనుషులు మలుపు దగ్గర ఎవరెవరున్నారు?" రిఫరీ అడుగుతోంది.

"నేను నీళ్ళ బల్ల దగ్గర, ఇక్కడికి సగం దూరంలో," అన్నాడు ఈల మాస్టారు. "కావాలంటే బల్ల దగ్గరున్న ఆడపిల్లల్ని అడగండి. నా ఈలకి చెవులు మూసుకున్నారు పాపం."

"నువ్వమ్మా?"

"కల్వర్టు పక్కనే," అంది అక్క. "రోజూ నిలబడే చోటే. చెల్లికి సీసా అందించి వచ్చేశాను."

రిఫరీ తలూపింది. అందరికీ తెలిసిన సంగతే అది. మలుపు తిరిగాక ఒక్క ఇరవై అంగలు, ఇంకా వేగం అందుకోకముందే సీసా చేతిలో పడాలి. పరుగు మధ్యలో అందిస్తే సగం ఒలికిపోతుంది, లయ చెడుతుంది. అక్క నేర్పిన పద్ధతే అది. ఎండ గానీ వాన గానీ, సైకిలు స్టాండు వేసి అక్కడే నిలబడేది. మలుపు ఎక్కడుంటే అక్క అక్కడ.

చెల్లెలు ఒళ్ళోని సీసా చూసింది.

కల్వర్టు దగ్గర నీడ లేదు. చెట్టు లేదు, గోడ మోకాలెత్తు కూడా ఉండదు. కానీ సీసా అందుకున్నప్పుడు అక్క మొహం మీద నీడ ఉంది. అక్క వేళ్ళు చల్లగా తగిలాయి. అక్క వెనక, ఎత్తున, పరుపు మీద పడుకుని నవ్వుతున్న మనిషి బొమ్మ ఉంది.

హోర్డింగ్ దగ్గరే తిరిగిపోయిన మనిషికి కల్వర్టు దగ్గర నిలబడ్డ అక్క సీసా ఎలా ఇస్తుంది?

"ఎందుకే?" అంది చెల్లెలు, అక్కకి మాత్రమే వినిపించేలా.

అక్క పెదవులు కదిలాయి. "సైకిలు మీద ముందుకొస్తూ రైలు గేటు దగ్గర నిన్ను చూశాను. కాలు ఈడుస్తున్నావు. నీ వల్ల కాదనుకున్నానే."

ఏడుపు రాలేదు చెల్లెలికి. ఇన్నేళ్ళూ వెనక సైకిలు మీద వస్తూ, నీ వల్ల అవుతుందే, నడువు నడువు అని అరిచిన గొంతు అది. ఆ ఒక్క గొంతూ నమ్మలేదు. తను మాత్రం నిజంగానే పరిగెత్తింది. దానికిక సాక్ష్యం లేదు, ఈల మాస్టారి వేలి లెక్క తప్ప.

పలకకుండా ఉంటే సరిపోతుంది. అక్క ఎప్పటిలా పొద్దున్నే మైదానంలో పిల్లలకి పరుగు నేర్పుకుంటుంది. అక్కకి తెలిసిన బతుకు అదొక్కటే. బోటనీ మాస్టారు టోపీ పెట్టుకుని తలవంచుకుని వెళ్ళిపోతాడు. పొడుగమ్మాయి వేలికి కట్టు కట్టుకుని ఇంటికెళుతుంది. తన మోకాలు ఎలాగూ బాగవ్వదు.

"ఇదిగో, నిన్నే. నీ సీసా ఎక్కడ అందుకున్నావు?" అంది రిఫరీ.

అక్క తలెత్తి చూసింది. బతిమాలడం లేదు. ఆ కళ్ళలో ఏమీ లేదు.

"హోర్డింగ్ కింద."

సైకిలాయన కిటికీ వైపు తిరిగిపోయాడు. రిఫరీ రెండడుగులు ముందుకొచ్చింది. ఆమె గొంతులో కోపం లేదు.

"ఇక్కడున్న అందరూ వినాలమ్మా. కోన్ ఎవరు జరిపారు?"

చెల్లెలు ఖాళీ సీసా తీసి బల్ల మీద నిలబెట్టింది. అది పడిపోకుండా ఒక్క క్షణం పట్టుకుని, వదిలేసింది.

"మా అక్క."