బస్సంత మలుపు

మా నాన్న మొండి. మొండివాడు రాజు కంటే బలవంతుడంటారు గానీ, రౌండబౌట్‌లో రాజుకైనా ఎవడూ దారివ్వడు. ఉద్యోగమంతా సిటీ బస్సు నడిపి రిటైరైన ఈ మనిషి, కుర్రతనంలో వదిలేసిన సైకిల్ని మళ్లీ ఇప్పుడెక్కాడు. అమ్మ కోసం.

పక్షవాతం వచ్చాక అమ్మను రౌండబౌట్ అవతలున్న నర్సింగ్ హోమ్‌లో చేర్చాం. ఇప్పుడామెకు మనుషులు గుర్తుండరు. అయినా నాన్న చెంచా పడితే తప్ప నోరు తెరవదు. అటు వెళ్లే బస్సేమో ఎత్తేశారు. రాత్రి భోజనం పెట్టేవేళకి తను అక్కడ లేకపోతే ఆవిడ పస్తుంటుందని నాన్న బెంగ.

ఆ సాయంత్రం నేనూ నా సైకిల్ మీద వెంట బయల్దేరాను.

"లోపలికి దూరేముందు వెనక్కి చూడు నాన్నా. అంచున నక్కి వెళ్లొద్దు, లేన్ మధ్యలో ఉండు. బయటికి తిరిగేముందు చెయ్యి చూపించు."

"తాతకు దగ్గులు నేర్పుతున్నావే! నాకా రోడ్డు గురించి చెప్తున్నావ్?"

విసుక్కున్నా అన్నీ చేశాడు. వెనక్కి చూశాడు, లేన్ మధ్యలోకి వచ్చాడు, చెయ్యి చాపాడు. తీరా బయటి రోడ్డులోకి తిరగాల్సిన చోట, వెనకాల బస్సంత పొడుగు ఉన్నట్టు, ముందు అవతలికి బాగా జరిగి అప్పుడు తిరిగాడు. పక్కన మిగిలిన ఖాళీలోకి ఒక వ్యాన్ దూసుకొచ్చింది.

"నాన్నా!"

ఆ వ్యాన్ నాన్న సైకిల్ హ్యాండిల్‌ని రాసుకుంటూ పోయింది. నాన్న రోడ్డు మీద పడ్డాడు. ఆ వ్యాన్ వాడు కనీసం ఆగలేదు, వాడి మొహం మండ!

నేను చెయ్యిచ్చి పక్కకి తీసుకొచ్చాను. ప్యాంటు చిరిగి మోకాలి నుంచి రక్తం కారుతోంది.

"తోక తగుల్తుందేమో అనుకున్నానే," అన్నాడు. "బస్సు తోక."

నవ్వబోయాను, ఏడుపొచ్చింది. మళ్లీ ఎక్కుతానని సీటు మీద చెయ్యి వేశాడు గానీ, వ్యాన్ పోయిన వైపు చూసి తీసేశాడు. చివరికి సైకిళ్లు నడిపించుకుంటూ, ప్రతి రోడ్డు దగ్గరా ఆగుతూ చుట్టు తిరిగి వెళ్లాం. "మీ అమ్మ ఆకలికి ఆగలేదే, తొందరగా నడు," అంటూ కుంటుతూనే నన్ను తరిమాడు.

మేం వెళ్లేసరికి, కొత్తగా చేరిన నర్సు అమ్మ మూతి తుడుస్తోంది.

"గిన్నె ఖాళీ చేసేశారండీ. బుద్ధిగా తిన్నారు," అంది, మాకు శుభవార్త చెప్తున్నట్టు.

అమ్మ ఆ అమ్మాయి చేతినే చూస్తోంది. నాన్న వైపు తిరగలేదు. నాకు ఆ నర్సు మీద కోపమొచ్చింది. పాపం, ఆ పిల్ల తప్పేముంది?

నాన్న గిన్నెలోకి తొంగిచూశాడు. "పోన్లే. తింది, అదే చాలు," అన్నాడు.

కాసేపు మంచం పక్కనే నిలబడ్డాడు. కుర్చీ జరిపినా కూర్చోలేదు. తర్వాత నా చెవి దగ్గరికి వంగి, అమ్మకు వినపడకూడదన్నట్టు నెమ్మదిగా అడిగాడు.

"అయితే రేపట్నుంచి నేను సాయంత్రాలు ఏం చెయ్యాలే, తల్లీ?"