కాగితం మీద కశ్మీరు

భర్త డానియల్ రిటైరైన మూడో రోజు నుంచి గ్లోరియాకు ఒకచోట కాలు నిలవడం లేదు. కాలికంటే ముందు బొటనవేలు నిలవడం లేదు. పప్పు ఉడుకుతుంటే ఫోనులో వియత్నాం, బట్టలు ఆరేస్తుంటే వియత్నాం. చంద్రపూర్ పక్కనున్న దుర్గాపూర్‌లో ఆరేసిన తెల్లచీర మీద పవర్ స్టేషన్ బూడిద వాలేలోగా విమానం రేటు రెండుసార్లు మారేది. ఆ రెండు మార్పులూ ఆమె చూసి తీరేది.

ఇదంతా ఒక వీడియోతో మొదలైంది. యాభై దాటిన ఒకావిడ వీపుకు సంచి తగిలించుకుని, ఒంటరిగా హనోయి వీధిలో చిన్న ప్లాస్టిక్ పీట మీద కూర్చుని సేమియాలాంటిదేదో తిన్నది. తిన్న గిన్నె అక్కడే పెట్టి లేచి వెళ్లిపోయింది. గ్లోరియా ఆ వీడియోను పదకొండుసార్లు చూసింది. ఆవిడ మొహం ఇప్పటికీ సరిగా గుర్తు లేదు, కడగకుండా వదిలేసిన ఆ గిన్నె మాత్రం గుర్తుంది.

యాభై నాలుగేళ్లలో గ్లోరియా ఊళ్లు తిరగలేదని కాదు. బల్లార్షా వెళ్లింది, విసాపూర్ వెళ్లింది, పెళ్లిళ్లకు మంచిర్యాల దాకా వెళ్లింది. ఎక్కడికెళ్లినా చెప్పులు గుమ్మం దగ్గర, ఆమె వంటింట్లో. చుట్టంగా వెళ్లినా ఉల్లిపాయలు తరగడం తప్పేది కాదు. తనను ఎవరూ ఎరగని ఊళ్లో, ఎవరి భార్యో ఎవరి తల్లో తెలియని చోట, ఒక్క పొద్దున పొయ్యి మొహం చూడకుండా లేవాలని ఆమె కోరిక. నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోయేసరికి అది లోపలే పెరిగి ఊపిరాడనివ్వడం లేదు.

డానియల్ అడ్డు చెప్పి ఉంటే వ్యవహారం తొందరగానే తేలిపోయేది. ఆయన అడ్డు చెప్పలేదు. పాస్‌పోర్టు ఫారాలు తనే నింపాడు. రెండు పాస్‌పోర్టులూ నెల తిరక్కుండా ఇంటికొచ్చాయి. మ్యాపు తెరిచి, గ్లోరియా చూడాలనుకుంటున్న హాలాంగ్ సముద్రం ఎక్కడుందో వెతికి, నోరు చప్పరించాడు.

"ముప్పై నాలుగేండ్లు బొగ్గుల బతికిన. నువ్వు చెప్పే సముద్రం పక్కన గూడ బొగ్గు గనులే ఉన్నయట. మల్ల గాడికేనా?"

"నువ్వు ఎప్పుడు కిందనే ఉంటివి గదా. ఈసారి పడవ మీదికెళ్లి చూడు," అంది గ్లోరియా.

ఆయన నవ్వి ఆమె నోటుబుక్కు తీసుకున్నాడు. గ్లోరియా చదువు మరాఠీ బడిలో సాగింది. తెలుగు అక్షరాలు ఆమెకు బైబిలు వరకే, అదీ వేలు పెట్టి నెమ్మదిగా. అందుకని తెలుగు మాటల్ని మరాఠీ అక్షరాల్లో రాసుకుంటుంది. ఆ రాతలో మూడు ప్లాన్లున్నాయి. వాటికి గరీబు, సాదా, నవాబు అని పేర్లు పెట్టింది. గరీబు ప్లానులో ఒక గదిలో ఆరుగురు, ఒకదాని మీద ఒకటి మంచాలు, ఎవరి సంచికి వాళ్లే తాళం. సాదాలో చిన్న హోటలు, పొద్దున టిఫిను వాళ్లదే. నవాబు ప్లానులో సముద్రం మీద పెద్ద పడవ, అందులో గది, గదికి బాల్కనీ, బాల్కనీ కింద నీళ్లు.

ఆ మూడింటినీ డానియల్ చెక్కి చెక్కి నునుపు చేశాడు. ఆరు మంచాల గదిలో బాత్రూం తలుపుకు దూరంగా ఉన్న కింది మంచం అడగాలన్నాడు. గది వద్దనుకుంటే ఏ తారీకు దాకా డబ్బు వాపసు వస్తుందో, కలకత్తాలో రెండు విమానాల మధ్య ఎన్ని గంటలు ఉండాలో, ఏడు కిలోల సంచిలో ఏమేం పడతాయో రాశాడు. హనోయిలో దిగిన దగ్గర్నుంచి బస్సెక్కేదాకా నిమిషాల లెక్కన రాశాడు. విమానం మొహం చూడని మనిషికి ఇన్ని ఎలా తెలుసని గ్లోరియా ముచ్చట పడింది. ప్రార్థన అయ్యాక చర్చి మెట్ల మీద నలుగురికి చెప్పుకుంది కూడా.

చిక్కల్లా చివరి బటన్ దగ్గర వచ్చేది. డబ్బు కట్టే పేజీ తెరుచుకోగానే ఆయన ఆమె మణికట్టు పట్టుకునేవాడు.

"ఆగు. రేపు తగ్గుతది."

జనవరిలో అదే మాట, మార్చిలో అదే మాట. నవాబు నుంచి గరీబుకు దిగేవాళ్లు, గరీబు నుంచి సాదాకు ఎక్కేవాళ్లు. ఏప్రిల్‌లో ఒక వారం వియత్నాం వదిలేసి ఫోనులోనే టర్కీ చుట్టారు, విసుగొచ్చి మళ్లీ వియత్నాంకే వచ్చారు. గడ్‌చాందూర్‌లో టీచరు పని చేసే కూతురు జెస్లిన్ ఫోనులో తల పట్టుకుంది. "మమ్మీ, ఇంత విచార్ కశాలా? గింత ఆలోచన ఎందుకు? డాడీ నోటుబుక్కు నిండేదాంక ఆగితే నీకు మోకాళ్లు నొస్తయి. నొక్కెయ్."

మే నెల వచ్చింది. చంద్రపూర్ మే గురించి వేరే చెప్పక్కర్లేదు, గోడ ముట్టుకున్నా చెయ్యి కాలుతుంది. వీసాకు పెట్టడానికి ఫోటో కోసం గ్లోరియా బీరువా అడుగున వెతుకుతుంటే గుడ్డ అట్ట ఫైలు ఒకటి చేతికి తగిలింది. లోపల కంపెనీ కాగితాల నకళ్లు. గని కార్మికులకు కంపెనీ నాలుగేళ్లకోసారి ఇంటిల్లిపాదితో దేశం చూసి రమ్మని సెలవూ ఖర్చూ ఇచ్చేది. ఆ ఖర్చు రాబట్టుకోవడానికి పెట్టిన కాగితాలవి. రెండు వేల మూడులో కన్యాకుమారి. ఏడులో శ్రీనగర్. పదకొండులో డార్జిలింగ్. పదిహేనులో అండమాన్. ప్రయాణం చేసినవారు డానియల్, భార్య గ్లోరియా, కూతురు జెస్లిన్. కింద ఆమె సంతకం. "గీడ ఒక సంతకం పెట్టు" అంటే చూడకుండా పెట్టిన సంతకం.

గ్లోరియా తారీకులు చూసింది. రెండు వేల ఏడులో మే పద్నాలుగు నుంచి ఇరవై నాలుగు దాకా తను శ్రీనగర్‌లో పడవ ఇంట్లో ఉంది. అదే పది రోజులు తను విసాపూర్‌లో, డానియల్ అక్క మంగతాయి ఇంట్లో, రేకుల కప్పు కింద పదకొండు మందికి రొట్టెలు కాల్చింది. ఆమెకు బాగా గుర్తు. ఆ ఎండలో ఎందుకొచ్చామో అర్థం కాలేదు, అక్క మీద ప్రేమ కాబోలనుకుంది. నీళ్లకు వీధి నల్లా దగ్గరికి వెళ్లబోతే డానియల్ అడ్డం వచ్చి, "బయటికి రాకు, ఎండదెబ్బ తగుల్తది" అన్నాడు. ఇప్పుడు తెలిసింది. కశ్మీరులో ఉండాల్సిన మనిషి విసాపూర్ నల్లా దగ్గర కంపెనీ వాళ్ల కంటబడకూడదు. ఆ ఒక్క మాటను ఆమె పద్దెనిమిదేళ్లుగా ప్రేమ కింద దాచుకుంది. డబ్బు కోసం అబద్ధమాడినందుకు కాదు, ఆ మాట చేజారిపోయినందుకు ఆమెకు దుఃఖం వచ్చింది.

డానియల్ కూలర్ ముందు కూర్చుని హనోయి బస్సుల వేళలు రాసుకుంటున్నాడు.

"శ్రీనగర్‌ల చలి ఎట్లుండె?" అని అడిగింది.

"మే నెలల అంత ఉండది. పొద్దుగూకినంక ఒక స్వెటర్ చాలు. పడవ ఇంట్ల రెండు దుప్పట్లిస్తరు," అన్నాడు తలెత్తకుండా.

ఆమె ఫైలు తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది. డానియల్ కళ్లద్దాలు తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు.

"మన క్వార్టర్ల లైన్ల శానమంది గిట్లనే చేసిండ్రు గ్లోరియా. ఫ్రిజ్ ఎట్లొచ్చింది? జెస్లిన్ డీఎడ్ ఫీజు ఎట్ల కట్టినం?"

"ఫ్రిజ్ ముచ్చట కాదు. ఎండదెబ్బ తగుల్తదంటివి. నా మీద ప్రేమ, పావురం అనుకున్న."

"అది గూడ ఉండె," అన్నాడాయన. అబద్ధం చెబుతున్నట్టు లేదు.

"మంచిది. అప్పుడు పైసలు లేకుండె. ఇప్పుడు ఎవలు ఆపుతుండ్రు? ఐదు నెలల సంది రేపు రేపంటవు."

డానియల్ బస్సుల వేళల కాగితం మడిచి పక్కన పెట్టాడు. తర్వాత చెప్పడం మొదలుపెట్టాడు, ఫారం నింపేటప్పుడు రాసినట్టు వరసగా. "తొంబై ఐదుల గీ కంపెనీ సెలవు మీద నిజంగనే పోయిన. నేను, నాతోని పనిచేసే సమ్మన్న. నువ్వు జెస్లిన్ కడుపుల ఉన్నదని రాలే. ఢిల్లీల దిగి హోటలేడుందని ఒకన్ని అడిగితే ఆటో ఎక్కించిండు. ఆటోవాడు ఏదో దుకాణంకు తోల్కపోయిండు. గాడ మా ముంగటి రైలు టికెట్లు చెల్లవన్నరు. రెండు దినాలు తిరిగినం. మేం నోరు తెరిస్తే చాలు, మా మాట విని నవ్వుడే. ప్లాట్‌ఫారం మీద పండుకొని వాపస్ వచ్చినం. ఇంటికొచ్చి నీకు తాజ్‌మహల్ గురించి చెప్పిన."

ఆ తాజ్‌మహల్ గ్లోరియాకు గుర్తుంది. వెన్నెల్లో చూశానని చెప్పాడు.

"గనిల నలభై మంది నా దీపం వెనక నడిచేటోళ్లు. కండ్లు మూసుకొని తొవ్వ చెప్తుంటి. పైన ఒక మనిషిని అడగాలంటే నోరు లేవది. కాగితం మీద నేను ఎన్నడు తప్పిపోలే."

గ్లోరియా కోపం పోలేదు. జాలి కూడా వచ్చి దాని పక్కన కూర్చుంది. ఆయన ఆగుతున్నది టికెట్ల రేటు తగ్గడం కోసం కాదు. కాగితం పూర్తయితే ఆయనకు ప్రయాణం పూర్తయినట్టే. అక్కడితో ఆగిపోతేనే ఆయన క్షేమం. కానీ అక్కడ ఆగిపోతే తను ఈ జన్మలో దుర్గాపూర్ దాటదు.

"అడిగేది నేను అడుగుత. నువ్వు నా వెనక రా, చాలు," అంది.

"చూద్దాం. రేపు..." అని ఆయన ఆగిపోయాడు.

ఆమె ఎనిమిది రోజులు ఆగింది. ఆ ఎనిమిది రోజుల్లో ఆయన హనోయిలో అన్నం దొరికే హోటళ్ల జాబితా రాశాడు, అంతే. తొమ్మిదో రోజు ఆదివారం. చర్చి నుంచి వచ్చి, చీర కూడా మార్చుకోకుండా గ్లోరియా ఫోను ముందు కూర్చుంది. అక్టోబరు. హనోయిలో నాలుగు రాత్రులు గరీబు మంచం, ఆఖరి రాత్రి నవాబు పడవ. పెద్దలు ఎందరని అడిగే చోట రెండు అని ఉంది. దాని పక్కన తగ్గించే గీత.

డానియల్ వెనకే నిలబడి ఉన్నాడు. "ఒక్కదానివే పోతవా?"

"ఐదు నెలలు ఇద్దరమనే పెట్టిన. ఇప్పుడు గూడ ఇద్దరే ఉన్నది, చూడు. ఉంచాల్నా?"

ఆయన చూశాడు. కూలర్లో నీళ్లు పోయడానికి బకెట్ తీసుకుని బయటికి వెళ్లాడు. గ్లోరియా గీత నొక్కింది. రెండు ఒకటైంది. ఆ ఒకటిని చూస్తే ఏడుపొచ్చింది. ఏడుస్తూనే కార్డు నంబరు కొట్టింది.

కొట్టాక తెలిసింది, పని ఇంకా అయిపోలేదని. బ్యాంకు పంపే ఆరంకెల నంబరు వచ్చేది డానియల్ ఫోనుకు. ఆ ఫోను ఆయన జేబులో ఉంది, ఆయన పెరట్లో ఉన్నాడు. తెర మీద క్షణాలు తగ్గిపోతున్నాయి. నూట డెబ్బై, నూట అరవై. బయట ఫోను మోగిన చప్పుడు వినబడింది. ఆమె పిలవలేదు. పిలిస్తే అడుక్కున్నట్టుంటుందని బిగపట్టుకుని కూర్చుంది. తొంభై. నీళ్లు పోసే చప్పుడు ఆగింది. డెబ్బై.

తడి చేతులతో డానియల్ లోపలికొచ్చాడు. ఫోను దూరంగా పట్టుకుని, ఒక్కొక్క అంకె ఆపి ఆపి చదివాడు. ఆమె తొందరలో మూడో అంకె తప్పు కొట్టింది.

"తుడువు. మల్ల చెప్త," అన్నాడు. మళ్లీ మొదటి నుంచి చదివాడు.

అక్టోబరులో నాగ్‌పూర్ విమానాశ్రయం దాకా ఆయన వచ్చాడు. బస్సులో దారి పొడుగునా కాగితాలు సరిచూసుకున్నాడు. దిగాక నాలుగు పేజీల కాగితం ఇచ్చాడు. ఆమెకు తేలిగ్గా ఉండాలని మరాఠీ అక్షరాల్లో రాశాడు. రెండో ప్రతి తన దగ్గర ఉంచుకున్నాడు. తలుపు దగ్గర జవాను టికెటూ పాస్‌పోర్టూ చూసి ఆమెను లోపలికి వదిలాడు, ఆయన్ని పక్కకు జరగమన్నాడు. గ్లోరియా పది అడుగులు వేసిందో లేదో ఫోను మోగింది.

"లోపలికి పోంగనే ఎడమ దిక్కు మలుగు. మూడో కౌంటరు."

ఆమె ఎడమకు తిరిగింది. ఏదో కడుతున్నట్టున్నారు, నిలువెత్తు చెక్కలు అడ్డం పెట్టి ఉన్నాయి. "ఎడమ దిక్కు తొవ్వ లేదు. మూసిండ్రు."

"మూసిండ్రా? వీడియోల గట్ల లేకుండె." అద్దం అవతల ఆయన గబగబా పేజీలు తిప్పడం కనబడింది. గొంతులో భయం దాచుకోలేకపోయాడు. "మరెట్ల పోతవు?"

"అడిగి పోత."

ఫోను పెట్టేయలేదు. చేతిలో అలాగే పట్టుకుని, యూనిఫాంలో నిలబడ్డ ఒక అమ్మాయి దగ్గరికి వెళ్లింది. కలకత్తా విమానానికి ఎటు వెళ్లాలో హిందీలో అడగబోతే సగం మరాఠీ, సగం తెలుగు వచ్చాయి. ఆ అమ్మాయి విని, టికెటు చూసి, కుడివైపు చెయ్యి చూపించింది.

గ్లోరియా ఫోను చెవికి పెట్టుకుంది. "కుడికట."

అద్దం అవతల ఆయన పేజీలు తిప్పడం ఆపాడు. తర్వాత డానియల్ చాలా నెమ్మదిగా అడిగాడు.

"నవ్విందా?"

"లే," అంది గ్లోరియా, కుడివైపు నడుస్తూ. "నవ్వలే."