అరువు ఎలుగుబంటి

ఇస్త్రీ పని చేసుకునే ఆ తల్లి పొద్దున్నుంచి గది ఊడుస్తూనే ఉంది. ఊడవడానికి అక్కడ ఏమీ మిగల్లేదు, అయినా ఊరికే కూర్చోలేకపోతోంది. శిశు సంక్షేమ శాఖ ఆఫీసరమ్మ తనిఖీకి వస్తోంది. ఆవిడ సరేనంటే పిల్లల హోంలో ఉన్న పాప ఇంటికొస్తుంది. కాదంటే ఇంకో ఆర్నెల్లు అక్కడే.

ఆ వీధిలో ఎవరింట్లో తనిఖీ జరిగినా అందరికీ పనే. ఒకరు కొత్త దుప్పటి ఇస్తారు, ఒకరు పళ్ల బుట్ట. ఆఫీసరమ్మ మలుపు తిరగ్గానే ఎవరివి వాళ్లు పట్టుకుపోతారు. వీధి మొత్తానికీ ఒకటే ఎలుగుబంటి బొమ్మ. ఇప్పటికి ఎందరు పిల్లలకి అది ప్రాణసమానమైన బొమ్మ అయిందో లెక్కలేదు.

ఈ ఏర్పాట్లకి పెద్ద దిక్కు ఆమె వదిన. మంచి మనిషే, నోరే నాలుగడుగులు ముందుంటుంది. ఆఫీసరమ్మ కంట పడకూడదని ఈమె దిగులు జబ్బు మాత్రల డబ్బా తీసి తన చేతిసంచిలో వేసుకుంది. పోయినసారీ ఆవిడే, తనిఖీ నాటికి మత్తుగా కనిపించకూడదని మాత్రలు మాన్పించింది. తీరా ఆ రోజు ఈమె మంచం దిగలేకపోయింది. పక్కనే పాప ఆకలికి గుక్కపట్టి ఏడ్చినా చెయ్యి లేవలేదు. తల్లికి పట్టదని చెప్పి పాపని తీసుకుపోయారు. పిచ్చిదంటారని భయపడితే కసాయిదన్నారు. ఇంతకన్నా అన్యాయం ఉంటుందా?

ఈసారి మానేశానని వదినకి అబద్ధం చెప్పి, రోజూ వేసుకుంటూనే ఉంది.

ఆఫీసరమ్మ వచ్చింది. దుప్పటి చూసింది, పళ్లు చూసింది, ఎలుగుబంటి దగ్గర కాస్త ఆగింది. ఒంట్లో ఎలా ఉంటోందని అడిగింది. నిక్షేపంగా ఉందని, మందూ మాకూ ఏమీ లేవని వదినే జవాబు చెప్పేసింది.

ఆ మాటకి తలూపితే చాలు, పాప వచ్చేస్తుంది. కానీ రేపట్నుంచి ఆ మాత్రలు ఎవరి కంటా పడకుండా ఎలా మింగాలి? మళ్లీ మానేస్తే పాప గతేమిటి? ఆమె వదిన వైపు చెయ్యి చాచింది.

"వదినా, ఆ డబ్బా ఇలా ఇవ్వు."

వదిన కళ్లతోనే వద్దంది. ఆమె చాచిన చెయ్యి తీయలేదు. చివరికి డబ్బా బయటికొచ్చింది.

"రోజూ వేసుకుంటున్నానండీ. అప్పుడు మానేయబట్టే లేవలేకపోయాను. పాప ఏడుపు నాకు వినపడుతూనే ఉంది."

ఆఫీసరమ్మ తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "ఇది రాస్తే పైవాళ్లు ఏమంటారో నేను చెప్పలేనమ్మా. వినలేదనుకోనా?"

వదిన ఆశగా ఆ తల్లి మోచెయ్యి పట్టుకుంది.

"వద్దండీ," అందామె. "రాయండి."

ఆఫీసరమ్మ పెన్ను తీసింది. వదిన గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకుంది.